చెత్తను పాడుచేసిన వారం

కూర్చోవే శ్రావ్యా. అలా సోఫా అంచున కాదు, నా ఎదురుగా. ఆ చెవుల్లోవి తీసి పక్కన పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు ఫోన్‌లో కొట్టు, మధ్యలో నీ తెలివి కలపకు. సగం చెవితో వినేవాళ్ళకు నేను చెప్పను, ముందే అంటున్నాను.

యూరప్ నుంచి వచ్చి నెల దాటింది. పొద్దున పార్కులో కలిసే ఆడవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం చూశారండీ?" చెత్త చూశానండీ అంటే నవ్వుతారు. ఒకావిడైతే "మన ఫిలింనగర్‌లో లేదా ఏంటండీ, దానికోసం అంత దూరం వెళ్ళాలా?" అంది. ఆవిడ కోసమే ఇదంతా. రాసి ఆ పార్కువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టు, తీరిగ్గా చదువుకుంటుంది.

ముందు మీ అమ్మ పని సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది ఎవరికీ తలకెక్కదు. మా మాధవి బంజారా హిల్స్‌లో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. మొత్తం ఆరుగురు. ఏ ఊళ్ళో ఇవాళ ఎంత చెత్త వస్తోంది, ఇరవై ఏళ్ళ తర్వాత ఎంత వస్తుంది, దాన్ని పూడ్చాలా, కాల్చాలా, ఎరువు చెయ్యాలా అని లెక్క కడతారు. "రేపటి చెత్త నీకు ఇవాళ ఎలా తెలుస్తుందే?" అని అడిగానొకసారి.

"రేపు ఎన్ని విస్తళ్ళు లేస్తాయో నీకెలా తెలిసేదమ్మా?" అంది.

అప్పుడర్థమైంది. ముప్పై ఏళ్ళు షూటింగులకు భోజనాలు వండి పంపాను కదా. పాట ఉందంటే డాన్సర్లు వస్తారు, అన్నం తక్కువ, పెరుగు ఎక్కువ. ఫైటు ఉందంటే ఇంకో గుండిగ ఎక్కించాలి. పైన మబ్బు పట్టిందంటే మధ్యాహ్నానికే ప్యాకప్ అంటారు, సాంబారు తగ్గించాలి. నేను వేళ్ళ మీద చేసింది మీ అమ్మ కంప్యూటర్లో చేస్తుంది. ఇంట్లో ఎందరు, జీతమెంత, ముసలివాళ్ళా పడుచువాళ్ళా, ఊరు పెద్దదా చిన్నదా, అన్నీ కలిపి చెత్త ఇంత అని చెబుతుంది. దాన్ని మోడల్ అంటారట.

యూరప్‌లో ఒక సంస్థకి అక్కడి దేశాలన్నిటికీ అలాంటి లెక్క కావాల్సొచ్చింది. ముందు ఒక చిన్న ఊళ్ళో ఒక్క వీధి మీద పరీక్ష. మాధవి మోడల్ చెప్పిన బరువూ, ఆ వీధి చెత్తను వారం రోజులు తూస్తే వచ్చిన బరువూ దగ్గర దగ్గరగా ఉంటే, దేశాలన్నిటి పనీ ఈ ఆరుగురికే. లేకపోతే లేదు. ఆర్నెల్లుగా ఆ ఆఫీసుకు వేరే పని రాలేదు, ఇదీ పోతే తలుపులు మూసుకోవడమే. మీ అమ్మ ఆ రోజుల్లో అన్నం కలుపుకుని అలాగే కూర్చునేది, గుర్తుందా? ఆ తూకం చూడడానికి బయల్దేరుతుంటే తోడుగా నేనూ వస్తానన్నాను. నా మోకాళ్ళు ఇంకో ఏడాది ఆగేలా లేవన్నాను. సూట్‌కేసులో సగం కారం, ఆవపిండి, మెంతులు, ఇంగువ.

మ్యూనిక్: సీసాలు మింగే గోడ

విమానం దిగింది మ్యూనిక్‌లో. ఊరంతా ఎవరో ఇప్పుడే తుడిచి, చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్ళినట్టుంది. కార్తీకమాసపు పొద్దులాంటి చలి. నేను శాలువా మీద శాలువా కప్పుకుని నడుస్తుంటే, నిద్రలో నడుస్తున్నట్టే అనిపించింది. కాళ్ళ చప్పుడు కూడా నాది కాదేమో అన్నట్టుంది.

ఒక కొట్లో నీళ్ళ సీసా కొన్నాం. నీళ్ళ ధర కంటే సీసా ధర ఎక్కువ! తాగేశాక ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ డబ్బు తిరిగిచ్చేస్తారు. ఇచ్చేది మనిషి కాదు, గోడ. గోడలో గుండ్రటి నోరుంటుంది, సీసా పెడితే గిరగిరా తిప్పి చూసుకుని మింగేసి చీటీ ఇస్తుంది. నా ముందు ఒక తాతగారు పెద్ద సంచీడు సీసాలతో నిలబడ్డారు. కోటు, టోపీ, మెడలో రుమాలు, పెళ్ళికొచ్చినట్టున్నారు. ఒక్కో సీసానూ తుడిచి మరీ పెడుతున్నారు. మన దగ్గర షూటింగ్ అయ్యాక సగం తాగిన నీళ్ళ సీసాలు ఎన్ని దొర్లుతుంటాయి కొండవాలంతా! ఆ గోడ ఒకటి ఫిలింనగర్‌లో పెడితే దానికి అజీర్తి చేస్తుంది.

అక్కడే మొదటి తిట్టు తిన్నాను. ఆదివారం పొద్దున మాధవి స్నానం చేస్తుంటే, గదిలో ఉన్న జామ్ సీసా ఊరికే ఉండడమెందుకని కిందకు తీసుకెళ్ళి వీధి చివర గాజు డబ్బాలో వేశాను. ఠంగుమంది. పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఒకావిడ తల బయటపెట్టి నిమిషంసేపు ఏదో అంది. భాష రాకపోయినా తిట్టు తెలుస్తుంది కదా. తర్వాత మాధవి చెప్పింది: "ఆదివారం గాజు వెయ్యకూడదమ్మా. చప్పుడవుతుందని. డబ్బా మీద రాసుంది చూడు."

ఆదివారం చప్పుడు చెయ్యకూడదట! మన ఇంటికి పైనున్న షూటింగ్ బంగళా జనరేటర్‌కి ఈ మాట ఎవరైనా చెప్పాలి.

రైలు కిటికీలో

మ్యూనిక్ నుంచి వియన్నాకి రైలు. మంచు పట్టిన కొండలు దూరంగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. పచ్చటి పొలాలు, ఎర్రటి కప్పులు, మధ్యలో ఒక ఆవు. దాని మెడలో గంట మోగుతోందని నాకు అనిపించింది. అద్దం ఇవతల నుంచి ఎలా వినిపిస్తుంది? అయినా వినిపించింది.

ఎక్కడ ఒక దేశం అయిపోయిందో, ఎక్కడ ఇంకోటి మొదలైందో తెలియలేదు. గేటు లేదు, పోలీసు లేడు. మాధవి కళ్ళజోడు పైకెత్తి "దాటేశాం" అంది.

"నీకెలా తెలిసింది?"

"స్టేషన్లో డబ్బాల రంగులు మారాయి."

ఆ తర్వాత నేనూ అదే ఆట ఆడాను. ఒకచోట కాగితానికి నీలం, ఇంకోచోట ఎరుపు. వంటింటి తొక్కలకు ఒకచోట గోధుమరంగు, ఇంకోచోట పచ్చ. బడిపిల్లలు జెండాలు గుర్తుపట్టినట్టు నేను చెత్తడబ్బాలను పట్టి దేశాలను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. మీ అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

వియన్నా: రంగుల పొయ్యి

వియన్నాలో మాధవి చెత్త కాల్చే పొయ్యి చూపించింది. పొయ్యి అంటే నేనేదో నల్లటి గొట్టం, పొగ, మసి అనుకున్నాను. వీధి మలుపు తిరగ్గానే ఆగిపోయాను. రంగురంగుల గోడలు, వంకర కిటికీలు, పైన బంగారు గుండు పెట్టిన స్తంభం! ఎవరో ఆర్ట్ డైరెక్టర్ తాగి గీసిన రాజమందిరంలా ఉంది. వెనక్కి వెళ్ళి చూడాలనిపించింది, కర్రలూ ప్లైవుడ్డూ కనబడతాయేమోనని. లేదు, నిజం కట్టడమే. ఊరి చెత్త అందులో కాలుతుంది. ఆ వేడితో నీళ్ళు కాగి, గొట్టాల్లో ఇళ్ళకు పోయి, గదులు వెచ్చబడతాయి. మా హోటల్ గదిలో గోడకున్న ఇనప గొట్టం మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఈ వెచ్చదనం ఎవరో పారేసిన చెప్పులు కావచ్చు, ఎవరో చింపేసిన ఉత్తరం కావచ్చు అనుకుంటూ.

ఆ మధ్యాహ్నం మన వీధి చెత్త ఎత్తే యాదమ్మకు వీడియో ఫోన్ చేశాను. బోరబండ ఇంట్లో బట్టలు ఆరేసుకుంటోంది. ఫోన్ తిప్పి ఆ బంగారు గుండు చూపించాను.

"అగో! గుడా అమ్మా?"

"కాదే, చెత్త కాల్చే చోటు."

"కాల్చెటందుకు గింత సోకా? మరి ఏరుకునేటోళ్ళు ఏమైతరు? ఏరకుంటనే కాలుస్తరా?"

"ఇళ్ళల్లోనే వేరు చేసి ఇస్తారట. ఇంటికి నాలుగు డబ్బాలు."

"నాలుగా! ఈడ రెండు సంచులు వెయ్యుమంటెనే నా మీదకి లేస్తరు." కాసేపు నవ్వి, "నువ్వు జల్ది రామ్మా" అంది. "నువ్వు పోయినకాడికెల్లి మీ ఇంటి డబ్బ రోజూ నిండుతున్నది. అన్నీ అట్టడబ్బలే. మీ మనవరాలు ఇంట్ల వండుతలేదు జరంత గూడ."

నవ్వకు, నువ్వే. నేనూ అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాటలో ఎంత ఉందో అప్పుడు ఆలోచించి ఉంటే మీ అమ్మకు అంత అవస్థ తప్పేది.

సాయంత్రం ఆ సంస్థ పెద్దావిడను కలిశాం. అందరూ ఆవిణ్ణి మేడమ్ అనే అన్నారు, మనమూ అలాగే అందాం. తెల్లటి పొట్టి జుట్టు, నవ్వని మొహం. కాఫీ, దాంతో ఒక చాక్లెట్ కేకు ముక్క పెట్టించింది, మీద మీగడ. ధర చూసి మింగుడు పడలేదు, రుచి చూశాక పడింది. "మీ అమ్మాయి మోడల్ అందంగా ఉంది" అంది నాతో. "కానీ అందం నాకు అక్కర్లేదు. వీధి ఏం చెబుతుందో చూద్దాం."

ప్తుయ్: మంచులో ఊరు

మేం తూచాల్సిన వీధి స్లోవేనియా దేశంలో, ప్తుయ్ అనే ఊళ్ళో. పేరు నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది. ద్రావా అని పెద్ద నది, ఒడ్డున కొండ, కొండ మీద కోట, కోట కింద ఎర్రకప్పుల ఇళ్ళు. మేం వెళ్ళిన రోజున నది మీద నుంచి మంచు లేచి ఊరిని మింగేసింది. కోట ఒక్కటే పైన తేలుతోంది, కింద ఏమీ లేదు. అలాంటిది నేను స్టూడియోలో పొగ మిషన్ పెట్టి చేయగా చూశాను. ఇక్కడ ఎవరూ కట్ చెప్పలేదు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది.

దారిలో గుమ్మడి పొలాలు చూశాను. కాయల్ని పగలగొట్టి గింజలు తీసుకుని, గుజ్జంతా పొలంలోనే వదిలేశారు. కనుచూపుమేరా బంగారం రంగు చిప్పలు! గింజల నూనె కోసమట.

"మాధవీ, ఎంత దప్పళం పోయిందే!"

"అది భూమికి ఎరువమ్మా. మున్సిపాలిటీ చెత్త కాదు. నా లెక్కలోకి రాదు."

ఆ నూనె ముదురాకుపచ్చగా, చిక్కగా ఉంటుంది. ఉడికించిన చిక్కుడు గింజల మీద పోసుకుంటారు. వేయించిన నువ్వుల వాసన. చిన్న సీసా ధరకు మన దగ్గర పెద్ద నూనె డబ్బా వచ్చేస్తుంది.

మాకు గది ఇచ్చినావిడ పేరు మరియా. నా ఈడే. ఒంటరి మనిషి, భర్త పోయి నాలుగేళ్ళు. ఆవిడకు కొంచెం ఇంగ్లీషు, నాకు కొంచెం షూటింగ్ ఇంగ్లీషు. రెడీ, కట్, ఓకే, వన్ మోర్. ఇద్దరు ఆడవాళ్ళు ఒక వంటింట్లో ఉండడానికి అంతకంటే భాష అక్కర్లేదు. మొక్కజొన్న పిండి ముద్ద చేసి పెట్టింది, అచ్చం సంకటి. నేను ఇంగువ పోపు వేసి పప్పు పెట్టాను. ఒక చెంచా తిని కళ్ళు మూసుకుని "వన్ మోర్" అంది.

వీధిలో ఇరవై ఇళ్ళు. ఆ వారం ఎవరూ ఏదీ వీధి చివరి డబ్బాలకు తీసుకెళ్ళకుండా, గాజుతో సహా అంతా ఇంటి ముందే పెట్టాలని కాగితం పంచారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి బండి వచ్చి ఇంటింటిదీ తూచి తీసుకెళుతుంది. మాధవి వెనకాలే నడుస్తూ రాసుకునేది.

మొదటి రోజు బరువు మోడల్ చెప్పినట్టే వచ్చింది. రెండో రోజు కొంచెం తగ్గింది. మూడో రోజు ఇంకొంచెం. నాలుగో రోజుకు మీ అమ్మ మొహం పాలిపోయింది. "ఎక్కడో తప్పు చేశానమ్మా. ఈ ఊరివాళ్ళు నేననుకున్నంత పారెయ్యడం లేదు" అంది. కంప్యూటర్ ముందు కూర్చుని తిండి మానేసింది.

బిడ్డ తినకపోతే నేనేం చేస్తాను? వండుతాను. ఇంకా ఇంకా వండాను.

కిటికీ గట్టు

ఏం వండానో చెబుతాను. మరియా బీట్‌రూట్ ఆకులు తెంపి డబ్బాలో వెయ్యబోతే పట్టుకుని వేపుడు చేశాను. క్యాలీఫ్లవర్ కాడలతో పప్పు. ఎదురింటి ఫ్రాంట్స్ గారి పెరట్లో గాలికి రాలిన యాపిళ్ళు బుట్టలకొద్దీ ఉన్నాయి. పెద్దాయన, పెద్ద మీసాలు. ఆ యాపిళ్ళను తోపుడుబండిలో చెత్తకు తీసుకెళుతుంటే ఆపి కొరికి చూశాను. పులుపు! మన కొత్తపల్లికొబ్బరి మామిడికాయంత పులుపు. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి యాపిల్ ఆవకాయ పెట్టేశాను.

పెట్టడానికి సీసాలు కావాలి కదా. మరియా రోజూ ఒకటో రెండో పారేస్తుంది. తేనె సీసాలు, జామ్ సీసాలు, పులిసిన క్యాబేజీ సీసాలు. చక్కటి గాజు, గట్టి మూతలు. వేణ్ణీళ్ళతో కడిగి, కిటికీ గట్టు మీద వరసగా బోర్లించాను. మంచులోంచి వచ్చిన ఎండ వాటిలోంచి పడి, వంటింటి నేలంతా పచ్చగా, తేనెరంగుగా, నీలంగా వణికేది. నేనూ మరియా టీ కప్పులు పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాళ్ళం. పొద్దు ఎటు పోయేదో తెలిసేది కాదు.

ఫ్రాంట్స్ గారికి ఒక సీసా ఆవకాయ ఇచ్చాను. రొట్టె మీద రాసుకుని తిన్నారట. చెమటలు తుడుచుకుంటూ సాయంత్రానికి ఖాళీ సీసాలు మూడు, యాపిళ్ళు బుట్టెడు పట్టుకొచ్చారు. మర్నాడు పక్కింటావిడ. ఆ పక్కింటివాళ్ళు. వీధిలో సగం ఇళ్ళు నా దగ్గరికే. షూటింగులకు క్యారేజీలు పంపిన రోజులు తిరిగొచ్చినట్టుంది. ఒళ్ళు అలిసింది, మనసు గాల్లో తేలింది.

ఏడో రోజు పొద్దున తూకం అయిపోయింది. మాధవి లోపలికొచ్చి, కుర్చీలో కూలబడి, "అయిపోయిందమ్మా" అంది. "మోడల్‌కీ వీధికీ పొంతన లేదు. సోమవారం ఇదే చెప్పాలి. మా ఆఫీసు సంగతి ఇక..." అంటూ కిటికీ వైపు చూసింది. చూసి ఆగిపోయింది.

"అమ్మా. ఈ సీసాలన్నీ ఎక్కడివి?"

"చెత్తలోవే. ఎంత బాగున్నాయో చూడు."

"ఆ బుట్టల్లో యాపిళ్ళు?"

"అవీ పారేస్తుంటే..."

"రోజూ నాకు పెట్టిన ఆ కూరలు?"

యాదమ్మ మాట అప్పుడు తలకెక్కింది: నేను లేని ఇంట్లో డబ్బా నిండుతుంది, నేనున్నచోట నిండదు. మీ అమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. చాలా మెల్లిగా అంది: "చెత్తంతా పాడుచేశావు కదమ్మా."

డెబ్బై ఏళ్ళ బతుకులో నన్ను చాలా అన్నారు. చెత్తను పాడుచేశావని ఎవరూ అనలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నీ తిరిగి డబ్బాల్లో వేసొస్తానన్నాను. "వారం దాటిపోయిందమ్మా, ఇప్పుడు వేస్తే అదింకో అబద్ధం" అంది. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు, ఆ లెక్కతోనే మోడల్ తిప్పి రాసుకోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ మీ అమ్మ ఫోన్ తీసి అక్కడికక్కడే మేడమ్‌కి చేసింది. మా అమ్మ వల్ల వీధి లెక్క చెడిందండీ, తప్పు నాదే, ఇంకో వారం ఇవ్వండి అంది. అవతల మేడమ్ అన్న మాట నాకూ వినబడింది. "ఒక్క వారం. తర్వాత ఇంకేమీ వినను."

చేతులు కట్టుకున్న వారం

రెండో వారం నా పని ఏమిటంటే ఏ పనీ చెయ్యకపోవడం. దేన్నీ ముట్టుకోకూడదు, కడగకూడదు, ఎవరికీ ఏమీ పెట్టకూడదు. ముందు వారం సీసాలన్నీ అట్టపెట్టెలో పెట్టి మాధవి అటక మీదికి ఎక్కించేసింది. కిటికీ గట్టు బోసిపోయింది. ఇంటింటికీ కాగితం ఇచ్చింది, మీరు ఎప్పుడూ పారేసేవన్నీ దయచేసి ఎప్పట్లాగే పారెయ్యండి అని.

మొదటి రోజే ఫ్రాంట్స్ గారు సీసాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "నో" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళారు. మీసాలు కూడా వాలిపోయాయి. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన తోపుడుబండి నిండా యాపిళ్ళు తెచ్చి డబ్బాలో గుమ్మరించారు. దబదబా పడ్డాయి. చప్పుడు చప్పుడుకూ ఒక సీసా ఆవకాయ పోయిందని లెక్కపెట్టాను. అయినా లోపల్లోపల ఇంకా వెయ్యండి, ఇంకా వెయ్యండి అని దండం పెట్టుకున్నాను. చూడు ఎంత వింతో. పారెయ్యకండి అని జీవితమంతా అరిచినదాన్ని, నా బిడ్డ నెగ్గాలని ఒక ఊరంతా పారెయ్యాలని మొక్కాను.

మరియా బీట్‌రూట్ కోసి ఆకులు డబ్బా మీద పట్టుకుని నా వైపు చూసేది. నా చెయ్యి దానంతటదే లేచేది. "కట్!" అనేది ఆవిడ. ఇద్దరం నవ్వేవాళ్ళం. నవ్వాక ఆకులు పడిపోయేవి.

రోజురోజుకూ బరువు పెరిగింది. మోడల్ గీతకు దగ్గరగా, ఇంకా దగ్గరగా. మీ అమ్మ మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది. ఊరు నన్ను మర్చిపోయిందన్నమాట. నేనొక వారం ఆ వీధిలో ఉన్నానన్న ఆనవాలు ఆ కాగితాల మీద ఎక్కడా లేదు. నదిమీద మంచు లేచి, మధ్యాహ్నానికి విడిపోయినట్టు.

చివరి రోజు పొద్దున. మాధవి వీధి మొదట్లో బండి కోసం నిలబడింది. మరియా నా చెయ్యి పట్టుకుని నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. యాపిళ్ళ వాసన, పాత వైన్ పీపా, దాని వెనక ఒక గుడ్డ. గుడ్డ తీసింది. పదకొండు సీసాలు! కడిగి, తుడిచి, మూతలు పెట్టి. వారమంతా నాకు తెలియకుండా దాచింది. "ఫర్ యూ. ఇండియా" అంది. కళ్ళు వెలిగిపోతున్నాయి.

అవి డబ్బాలో ఉండాల్సినవి, ఈ ఇంటి లెక్కలోవి. మరియాకు చేతులతో సైగలు చేసి చెప్పాను. తూకం, మాధవి, ఆఫీసు, ఆరుగురు. ఆవిడకు అర్థమైంది. మొహంలో దీపం ఆరిపోయింది. కానీ సీసాల మీద ముందుగా చెయ్యి వేసింది ఆవిడే.

ఇద్దరం ఒళ్ళో పోసుకుని పైకి తెచ్చాం. బండి మోత వినబడుతోంది. డబ్బా మూత ఎత్తి, నా చేత్తోనే ఒక్కొక్కటీ వేశాను. కడిగిన సీసాలు, శుభ్రమైన సీసాలు. నా జన్మలో అలాంటి పని చెయ్యలేదు. దొంగలెక్క కాదు సుమా, శ్రావ్యా, అది గట్టిగా రాయి. మేం కలిపింది ఏమీ లేదు, దాచింది తిరిగి పెట్టాం, అంతే.

పది వేశాను.

పదకొండోది చిన్న తేనె సీసా. ఆరు పలకలు, ఒక పలక మీద గాజులోనే తేనెటీగ బొమ్మ. మరియా దాన్ని నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, నా పిడికిలి మీద తన చెయ్యి వేసి పట్టుకుంది. బండి గుమ్మం ముందు ఆగింది.

లుబ్లియానా: చప్పట్లు

లుబ్లియానా వాళ్ళ రాజధాని. పచ్చటి నది, దాని మీద తెల్లటి వంతెనలు, ఊరి నడుమ చెత్తడబ్బాలు నేలలోపల. కార్డు చూపిస్తేనే మూత తెరుచుకుంటుంది. అవన్నీ నాకు కలలోవిలా గుర్తున్నాయి, ఎందుకంటే నా ధ్యాసంతా మీటింగ్ మీదే. నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు.

గోడ మీద మీ అమ్మ గీత వేసింది. దేశం తర్వాత దేశం, ఏడాది తర్వాత ఏడాది, గీత పైకి పైకి పోతోంది. జీతాలు పెరుగుతాయట, ఇళ్ళల్లో మనుషులు తగ్గుతారట, ఒక్కో మనిషికి చెత్త పెరుగుతుందట. వీధి బరువు ఆ గీత మీదే వచ్చి కూర్చుంది. మేడమ్ లేచి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. ఇంకా చెత్త పెరుగుతుందంటే చప్పట్లు కొట్టిన సభ అదొక్కటే చూశాను. నేనూ కొట్టాను, చేతులు మంటెత్తేదాకా. మీ అమ్మ ఒక్కసారి నావైపు చూసింది.

అప్పుడు మేడమ్ కళ్ళజోడు సరిచేసుకుని కాగితం దగ్గరికి పెట్టుకుంది. "అంతా కలిసింది. ఒక్క మరియా ఇంటి దగ్గర కొంచెం, చాలా కొంచెం తేడా. అదేమిటి?"

మీ అమ్మ నవ్వి, "మనుషులు కదండీ, ఆ మాత్రం ఉంటుంది" అంది. మేడమ్ మొదటిసారి నవ్వింది. పని మనవాళ్ళకే ఇచ్చేసింది. నేను కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నాను, ఒళ్ళో చేతిసంచి గట్టిగా పట్టుకుని.

ఇప్పటిదాకా ఈ ముక్క మీ అమ్మకు చెప్పలేదు. ఇది రాయాలా వద్దా? సరే, రాయి. ఎప్పుడో ఒకప్పుడు తెలియాల్సిందే కదా. ఆ తేడా ఎంతంటే, సరిగ్గా ఒక...

"అమ్మా! వడ్డించేశాను, శ్రావ్యను తీసుకుని రా! ఆవకాయ ఏ సీసాలో పెట్టావ్?"

వస్తున్నానే! పై అరలో... ఉండు, నువ్వు తియ్యకు మాధవీ, నేనే వచ్చి తీస్తాను, ఆ ఆరు పలకల చిన్న సీసా మాత్రం...